ఆటలో తోడు

2024వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఒకనాటి రాత్రి మాయింట జరిగిన చిన్న సంగతితో ఈ వ్యాసమును మొదలుపెట్టుచున్నాము. మాది పాత కడప జిల్లాలో రాయచోటి ప్రాంతపు పల్లె. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారము. ఆ రాత్రి రెండు గంటలవేళ దప్పికగొని లేచి వసారాలోని నీళ్లకడవ కడకు పోవుచుంటిమి. అంతలో మూలగదినుండి యొక గుసగుస వినవచ్చెను.

“రేయ్, ఎనకనించి వచ్చాండారు. కదలాకు. బండచాటున పండుకో. నేను చూసుకుంటా.”

మా సీమలో అర్ధరాత్రమున ఇట్టి మాట చెవినిబడినచో గుండె యెట్లు కొట్టుకొనునో మా సీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. చేతికందిన దుడ్డుకఱ్ఱ పట్టుకొని తలుపు త్రోసితిమి. లోపల దొంగలును లేరు, పగవారును లేరు. ఇంటర్మీడియెట్టు మొదటి సంవత్సరము చదువుచున్న మా మనుమడు దుప్పటి ముసుగులో ఫోను పట్టుకొని, చెవులలో తీగలు పెట్టుకొని కూర్చుండియుండెను. అద్దములో బొమ్మ మనుష్యులు బొమ్మ తుపాకులతో పరుగిడుచుండిరి. మఱి మూడు వారములలో వానికి పరీక్షలు. మా కోపమునకు మేరలేకపోయెను. ఫోను లాగికొని, మా గదిలోని ట్రంకుపెట్టెలో పెట్టి తాళము వేసితిమి. మరునాడు ఇరుగుపొరుగువారితో ఆ సంగతి ఘనకార్యమువలె చెప్పుకొంటిమి. అందఱును మమ్ము మెచ్చుకొనిరి.

మనుమడు మాతో వాదులాడలేదు. వాదులాడినను బాగుగ నుండెడిది. పెట్టినది తినుచు, పుస్తకము ముందు పెట్టుకొని, పుటలు త్రిప్పకుండ మూడు దినములు గడపెను. నాలుగవనాటి సాయంకాలము మా కోడలి ఫోనుకు ఎవరో క్రొత్తవారు పిలిచిరి. ఆమె పెరటిలో నుండుటచే మేమే తీసితిమి. లేతగొంతు, ఆదోనివైపు పలుకుబడి.

“తాతా, మీ పిల్లోనికి జరమేమన్నా వచ్చిందా? నాలుగు దినాలాయె కనపడక. నలుగురు లేకుంటే మేం ఆడం తాతా. బాగుండాడా?”

మీ తలిదండ్రులెక్కడ అని అడిగితిమి. మిరపకాయలు కోయుటకు గుంటూరువైపు సుగ్గికి పోయినారనియు, ఉగాదికిగాని రారనియు, తానును అవ్వయును మాత్రమే ఇంటనున్నామనియు ఆ బాలుడు చెప్పెను. ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములనుండి పంటలేని కాలమున కుటుంబములు కుటుంబములే తరలిపోవుట కర్నూలు జిల్లాలో క్రొత్త సంగతి కాదు. మా మనుమడు బాగున్నాడని చెప్పి ఫోను పెట్టివేసితిమి; కాని మనసు నిలువలేదు. మమ్ము మెచ్చుకొనిన ఇరుగుపొరుగువారిలో ఒక్కరైనను ‘పిల్లవాడెట్లున్నాడు?’ అని అడిగినవారు లేరు. మొగమైనను చూచి యెఱుగని, నూటయేబది క్రోసుల దూరమని మేము తలచిన బాలుడొకడు అడిగెను.

ఆ రాత్రి మనుమనిని పిలిచి, మీ నలుగురెవరని నెమ్మదిగా అడిగితిమి. ఒకడు ఆదోనివైపు బాలుడు; ఒకడు ప్రొద్దుటూరిలో బట్టల దుకాణమున పనిచేయు యువకుడు; తానొకడు. నాలుగవవాని పేరడిగినచో తలవంచుకొనెను. మా కోడలు వంటయింటి గడపలోనుండి మెల్లగా నిట్లనెను: “మీ కొడుకే మామా.”

మా కుమారుడు కువైటులో విద్యుత్తుపని చేయుచు పండ్రెండేండ్లయినది. రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతములలో కువైటునకు మనుష్యుని పంపని వీధి యరుదు. రెండేండ్లకొకమారు వచ్చి నెలదినములుండి పోవును. అక్కడ వానికి పని ముగిసి గదికి చేరునప్పటికి రాత్రి పదునొకండున్నర. మన గడియారము వారికంటె రెండున్నర గంటలు ముందు గనుక అప్పటికి మనకు రెండు గంటలు. మా మనుమడు అర్ధరాత్రమున మేల్కొనుట ఆటకొఱకు మాత్రమే కాదని మాకప్పుడు తెలిసినది. వెంటనే కుమారునితో మాటాడితిమి. పరీక్షల ముందు ఇదేమి పని యని మందలించితిమి. వాడు కొంతసేపు మిన్నకుండి, తరువాత నిట్లనెను:

“ఫోనులో వానితో ఏం మాట్లాడాల్నో నాకు తెలీదు నాయనా. తిన్నావా అంటా, తిన్నా అంటాడు. చదువుకున్నావా అంటా, ఊఁ అంటాడు. అంతటితో అయిపోతాది. ఆటలో అయితే వాడే నన్ను పిలుచ్చాడు. నాయనా, ఇట్ల రా, అట్ల పోవద్దు అంటాడు. పన్నెండేండ్లల్లో వాడు నన్ను పిలిచింది ఆడనే.”

ఈ మాటకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. పెట్టె తాళము తీసితిమి. తప్పు ఆటయందు లేదు, వేళయందున్నది. కువైటులో శుక్రవారము సెలవుదినము గదా! శుక్రవారము సాయంకాలము ఆరు గంటలకు అక్కడ మూడున్నర. ఆ దినమున రెండు గంటలసేపు నలుగురును ఆడుకొనవలెననియు, రాత్రి పదిగంటలకు ఫోనులన్నియు, మాదియుగూడ, వసారాలోని గూటిలో పెట్టవలెననియు ఏర్పాటు చేసికొంటిమి. ఆదోని బాలునికిని ఈ వేళయే అనుకూలమయ్యెను. పరీక్షలలో మా మనుమడు మొదటి తరగతిలో నెగ్గెను. నెగ్గకపోయినను ఈ వ్యాసమును వ్రాసియుందుము.

ఇక విషయమునకు వత్తము. ఇంటర్నెట్టు ద్వారమున అనేకులు కలిసి ఆడు ఈ ఆటలను గూర్చి మన గృహములలో రెండే మాటలు వినబడుచున్నవి. పెద్దలు ‘మాన్పింపుడు’ అందురు. పిల్లలు ‘విడువుడు’ అందురు. మాన్పించుటవలన ఏమయినదో మనము చూచితిమి. పబ్జీ అను ఆటను భారత ప్రభుత్వము 2020 సెప్టెంబరు 2వ తేదీన మఱి 117 అప్పులతో గూడ నిషేధించెను. వేఱొక పేరుతో అది 2021లో తిరిగి వచ్చినది. 2022 జూలైలో మరల నిలిచిపోయినది. 2023 మే నెలలో మరల వచ్చినది. నిషేధమునకు కారణము దేశభద్రత. పిల్లల నిద్ర కాదు. కావున ప్రభుత్వము మన పిల్లలను పరుండబెట్టునని యెదురుచూచుట వ్యర్థము. ఆ పని మనదే.

ఒక సంగతి జ్ఞాపకముంచుకొనవలయును. ఆడుబిడ్డ నవల చదివిన చెడిపోవునని మన పెద్దలొకప్పుడు పుస్తకములను అటకమీద దాచిరి. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిన కాలమున చదువుట యొక కాలక్షేపమనియు, పనిపాటలు లేనివారి వేడుకయనియు ఎగతాళి చేసినవారు లేకపోలేదు. గ్రంథాలయోద్యమకర్తలు పుస్తకమును దాచలేదు. పుస్తకము చుట్టును మనుష్యులను కూర్చిరి. మంచిచెడ్డలు వస్తువునందెంత యున్నవో, దానిచుట్టు కూడిన మనుష్యులయందును, వారు పెట్టుకొనిన కట్టుబాట్లయందును అంత యున్నవి.

ఆటను తెలియకుండ ఆటను విమర్శించుట పంతులకు తగదని తలచి, మేమును ఆడదలచితిమి. తుపాకుల ఆటకు మా వ్రేళ్లు చాలవు గనుక చదరంగము నెన్నుకొంటిమి. మన దేశమున చతురంగమై పుట్టి, పారశీకమునకు పోయి, ఐరోపా చుట్టివచ్చిన యీ యాటను నేడు ఏ పల్లెలో కూర్చుండియైనను ఏ దేశస్థునితోనైనను ఆడవచ్చును. ఫ్రాన్సు దేశీయుడగు తిబో దుప్లెసీ యనునాతడు 2010లో స్థాపించిన లీచెస్ అను చోటు, ప్రకటనలు లేక, రుసుము లేక, చందాలతో నడచుచున్నది. మనుమడే మా గురువు. 2021వ సంవత్సరపు రెండవ కరోనా తాకిడిలో మా గృహిణి గతించిన తరువాత మాకు సాయంకాలములు మిక్కిలి పొడవైనవి. ఆ పొడవును ఈ యాట కొంత తగ్గించెను.

ఓడితిమి. ఎట్లోడితిమనిన, ఓడుటయే మా వృత్తి యేమో యనిపించునట్లోడితిమి. అక్కడ క్రొత్తవానికి మొదట 1500 అను అంకె నిత్తురు. గెలిచిన పెరుగును, ఓడిన తఱుగును. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్పాద్ ఎలో అను భౌతికశాస్త్రజ్ఞుడు కనిపెట్టిన లెక్కను 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య యంగీకరించినది. నేటి ఆటలలోని ఇట్టి లెక్కల కన్నింటికి అదియే మూలపురుషుడు. ఒక్క నెలలో మా యంకె వేయికి దిగువకు జాఱెను. ఒకనాటి రాత్రి దానిని పైకెత్తవలెనను పంతముతో వరుసగా పదునొక యాటలోడి, గూటిలో పెట్టవలసిన ఫోనును ఒంటిగంటవఱకు విడువక, నీళ్లు తెచ్చిన కోడలిపై కసరుకొంటిమి. ఆమె నవ్వి, “మామా, మీ ఫోనుగూడ ట్రంకుపెట్టెలో పెట్టమంటారా?” అనెను. మేము మనుమని నేమి యనియుంటిమో యది మాకే తిరిగి తగిలినది. సిగ్గుపడి గూటికడకు నడచితిమి.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించితిమి: ఓడుచున్నను మనుష్యుడు మరల మరల నేల ఆడును? కొందఱేల విసిగి విడుతురు? ఇందు తెలిసికొనదగినది కొంత కలదు. ఈ యాటలు ఆడువానిని సాధ్యమైనంతవఱకు తనతో సమానుడగువానితోనే జతపఱచును. బలము పెరిగినకొలది బలవంతుడెదురగును. కావున ఎంత నేర్చినను గెలుపోటములు ఇంచుమించు సగము సగముగనే యుండును. గెలుపుకొఱకే ఆడువానికి ఇది అంతులేని ఏతము. ఎంత త్రొక్కినను తొట్టి నిండదు. వాడు కోపముతో ఆడును, లేదా విసిగి విడుచును. కాని నిన్న చూడని యెత్తును నేడు చూచుటకు ఆడువానికి ఓటమిగూడ ఒక పాఠమే. అందుచే మే మొక నియమము పెట్టుకొంటిమి. దినమునకు రెండాటలు, ఓడిన యాటలో తప్పెక్కడ జరిగెనో యొక్కటి మాత్రము కనిపెట్టి నోటుపుస్తకములో వ్రాయుట, రెండు ఓటములు వరుసగా వచ్చినచో ఆనాటికి ఆట చాలించుట. మా యంకె మెల్లగా లేచినది. అంకె లేచుటకంటె, దానిని మరచిపోవుట మాకు మేలు చేసినది.

ఇంకొక కారణమును మా మెట్టసేద్యగాండ్రు మాకు బోధించిరి. ఈ సీమలో వానను నమ్మి వేరుసెనగ విత్తువాడు ఎన్నిమారులు ఓడినాడో లెక్కలేదు. అయినను తొలకరి చినుకు పడగానే గొఱ్ఱు కట్టును. ఆశచేతనందురా? ఆశ యొక్కటే యైన ఎన్నడో ఎండియుండును. ప్రక్కచేనివాడు విత్తుచున్నాడు; వానికి నేడు మనము బదులు పోయిన రేపు మనకు వాడు వచ్చును; ఒంటరిగా బీడుపెట్టి కూర్చుండుట కంటె పదుగురితో విత్తి యెదురుచూచుట మనసునకు తేలిక. ఆటలోనైనను అంతే. ఆదోని బాలుడు ‘నలుగురు లేకుంటే ఆడం’ అన్న మాటలోనే యున్నది మర్మమంతయు. తనకొఱకు కనిపెట్టుకొనియున్నవారు ముగ్గురున్నారని తెలిసినవాడు, ఓడిన మరునాడును వచ్చును.

ఈ విషయమును పండితులును పరిశీలించిరి. 1978లో ఇంగ్లండు దేశపు ఎస్సెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి మొదలుపెట్టి రిచర్డు బార్టిల్ అను సహాధ్యాయి పెంపొందించిన యొక యాట కలదు. బొమ్మలు లేవు, అంతయు అక్షరములే. అనేకులు ఒక్కమారుగా ప్రవేశించి ఆడు ఇట్టి కల్పిత ప్రపంచములకు అది ఆదియని చెప్పుదురు. ఆడువారిని చూచి చూచి బార్టిల్ 1996లో ఒక వ్యాసము వ్రాసి, వారిని నాలుగు తెగలుగా విభజించెను. మెట్లెక్కి పేరు తెచ్చుకొనగోరువారు కొందఱు. క్రొత్తచోట్లు వెదకి చూడగోరువారు కొందఱు. మాటలకును చెలిమికిని వచ్చువారు కొందఱు. ఇతరులను పడగొట్టుటయందే సంతోషించువారు కొందఱు.

ఇది చదివినప్పుడు మాకు మా యింటి యరుగు జ్ఞాపకము వచ్చినది. ఆ నల్లబండమీద మా తాతగారి నాటి పులిమేక గీతలు నేటికిని కలవు. మా సీమ గుడుల మంటపములలోను ఇట్టి గీతలు చెక్కిన బండలు కనబడును. వేసవి మధ్యాహ్నములందు అక్కడ చేరువారిలోను ఈ నాలుగు తెగలు నుండెడివి. ఎన్ని పులులను కట్టితినో లెక్కపెట్టుకొనువాడొకడు. క్రొత్త దారి వెదకువాడొకడు. ఆట పేరు చెప్పి ఊరి సంగతులు మాటాడుకొనుటకు వచ్చువాడొకడు. ఎదుటివానిని ఏడిపించిగాని లేవనివాడొకడు. మనుష్యస్వభావము మాఱలేదు, అరుగు మాత్రము పెద్దదైనది. పాత యరుగుమీద ఏడిపించువానిని మందలించుటకు ప్రక్కన ఒక పెద్దవాడుండెను. క్రొత్త యరుగుమీద ఆ పెద్దవాని స్థానము ఖాళీగానున్నది. మన మడుగవలసినది ‘అరుగు పగులగొట్టుదమా?’ అని కాదు; ‘ఆ స్థానమున ఎవరు కూర్చుందురు?’ అని.

ఆ స్థానము ఖాళీగా నుండుటచే కలుగు కీడు ఎట్టిదో మా కోడలు చెప్పినది. ఈ కథ మాకు మాయింటనే ఏండ్ల తరబడి తెలియకుండెను. 2020లో ఇండ్లు కదలరాని కాలమున ఆమెయు ఒక జట్టాటలో చేరినదట. “మొదట నా పేరుతోనే చేరినా మామా. గొంతు విన్నారో లేదో, ఒకడు పెండ్లయిందా అంటాడు, ఒకడు ఫోటో పంపమంటాడు, గెలిచినామంటే బూతులు. మూడో దినం మగపేరు పెట్టుకున్నా, గొంతు మూసుకున్నా. అప్పటినించి బాగానే ఆడతాండా.” ఈ మాట ఆమె నవ్వుచు చెప్పినది. మాకు నవ్వు రాలేదు. స్త్రీలు చదువవలె, సభలలో మాటాడవలె నని ఒక తరము పోరాడినది. మఱియొక తరమునకు స్త్రీ తన పేరుతో ఒక యాట ఆడుటకు తావులేకున్నది. ముసుగు వస్త్రముతో వేసిననేమి, పేరుతో వేసిననేమి, ముసుగు ముసుగే. ఆ బూతులు పలికినవారును ఏదో యొక యింటి బిడ్డలే. వారి తలిదండ్రులు ‘మావాడు గదిలో ఆడుకొనుచున్నాడు, వీధిలో చెడుతిరుగుళ్లు లేవు’ అని సంతోషించుచుందురు. గదియే నేడు వీధి యని వారికెవరు చెప్పవలయును?

స్త్రీలకు ఈ యాటలేల యనువారికి ఒక్క యుదాహరణము చాలును. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండుమాస్టరైనది. తల్లియైన పిమ్మట 2019లోను, మరల 2024లోను వేగ చదరంగమున ప్రపంచ విజేతయైనది. 2020లో ప్రపంచ చదరంగ ఒలింపియాడు ఇంటర్నెట్టు ద్వారమున జరిగినప్పుడు, పోలెండుతో జరిగిన సెమీఫైనలున తుది నిర్ణయపు టాట ఆమె గెలువగనే మన దేశము ఫైనలు చేరినది. ఆగస్టు 30వ తేదీనాటి ఫైనలులో మనవారిలో ఇద్దఱికి ఇంటర్నెట్టు తెగిపోయెను. విచారణానంతరము భారత రష్యాలకు కలిపి విజయము ప్రకటించిరి. గడప దాటరాని కాలమున లోకముతో తలపడుటకు ఒక మార్గమున్నదని ఆ యొలింపియాడు చూపినది. ఆ మార్గము మా కోడలివంటి వారికి మూయబడరాదు.

మేము చేసిన ప్రయత్నము చిన్నది. మా వీధిలోని స్త్రీలు నలుగురు, నంద్యాలలోనున్న కోడలి అప్ప, కువైటులో ఒకరియింట వంటపని చేయుచున్న మా యూరి యువతి యొకతె, వీరందఱు కలిసి ఒక చదరంగపు జట్టుగా ఏర్పడిరి. ఎవరి పేరుతో వారే ఆడవలె నన్నది వారి మొదటి కట్టుబాటు. బయటివారిని చేర్చుకొనుటకు ముందు ఇద్దఱు సభ్యులు వారిని ఎఱిగియుండవలె నన్నది రెండవది. అసభ్యముగా మాటాడినవారిని ఒక్కమాఱే తొలగింపవలె నన్నది మూడవది. కువైటులోని యువతి యొకనాడు మా కోడలితో చెప్పినదట: “అక్కా, ఈడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఆటలోనే నా పేరు కనపడతాది.” గెలుపోటములకు మించిన దీ యాటలలో ఏమున్నదని మమ్మెవరైన అడిగినచో ఈ మాట చెప్పుచుందుము.

ఇంతవఱకు మేలు చెప్పితిమి. కీడును దాచుట తగదు. ధర్మరాజు కాలమునుండి మనకు తెలిసిన పాప మొకటి కలదు, అది పందెము. మా బంధువొకడు ఫోనులో పేకాటకు మరిగి, భార్య మెడలోని గొలుసును, అన్నదమ్ముల పొత్తులోనున్న రెండెకరముల పాలును పోగొట్టుకొనెను. వానికి తోడుగా ఆడినవా డొక్కడును ‘బాగుండాడా?’ అని ఫోను చేయలేదు. పందెములో తోడుండడు, దోచుకొనువాడే యుండును. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1974 నాటి జూద చట్టమును 2020లో సవరించి ఆన్‌లైను పందెములను నిషేధించినది. 2025 ఆగస్టు 21న పార్లమెంటు ఆమోదింపగా మరునాడు రాష్ట్రపతి సమ్మతించిన చట్టము దేశమంతటికిని డబ్బుపెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించి, నైపుణ్యపు పోటీలగు ఈ-స్పోర్టులను వేఱుగా గుర్తించినది. ఆటకును జూదమునకును నడుమ గీత గీచుట మంచిపని. ఆ గీతను పిల్లలకు వివరించి చెప్పుట గృహస్థుని పని.

రెండవ కీడు మితిమీఱుట. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి రోగముల పట్టికలో ఆటల వ్యసనమొక రుగ్మతగా 2019లో చేరి, 2022 జనవరినుండి అమలులోనికి వచ్చినది. కాని వారు చెప్పిన లక్షణములను తలిదండ్రులు శ్రద్ధగా గ్రహింపవలయును. ఆటపై అదుపు తప్పుట, ఇతర కార్యములన్నింటికంటె ఆటయే ముఖ్యమగుట, హాని కలుగుచున్నను మానలేకుండుట; ఇవి సాధారణముగా పండ్రెండు నెలలపాటు కనబడినగాని ఆ పేరు పెట్టరు. కాబట్టి గంటసేపు ఆడిన పిల్లవానిని రోగియనుటయు తప్పే. ఏడాదిగా నిద్రాహారములు, చదువు, స్నేహములు విడిచినవానిని ‘వయసు అట్టిది’ అని వదలివేయుటయు తప్పే. అట్టివానిని వైద్యునికి చూపవలయును; కొట్టరాదు.

ఈ రెండేండ్లలో మేము నేర్చినది గృహస్థుల యెదుట వినయముతో పెట్టుచున్నాము. పిల్లవాడు ఏమి ఆడుచున్నాడని అడుగుటకు ముందు ఎవరితో ఆడుచున్నాడని అడుగుడు. ఆ యెవరితోనో ఒకమాఱు మీరును మాటాడుడు. వేళను పిల్లలతో కలిసి నిర్ణయించి, ఆ కట్టుబాటునకు మీరును లోబడుడు. పెద్దల ఫోను గూటిలోనికి పోనియింట పిల్లల ఫోను పోదు. ఇంటి యాడువారి పేరు ఆటలో దాగవలసి వచ్చినచో, అందులకు కారణమైనవారిని అడుగుడు గాని ఆమెను ఆట మానుమనకుడు. సాధ్యమైనప్పుడు ఆటలోని తోడును ఇంటికి పిలువుడు.

ఈ కడపటి మాటను మేము చేసి చూచితిమి. ఆ యేటి వేసవి సెలవులలో ఆదోని బాలుని మాయింటికి రమ్మంటిమి. సుగ్గినుండి తిరిగివచ్చిన తండ్రి తానే వెంటబెట్టుకొని వచ్చెను. ఒక సంచినిండ మిరపకాయలు తెచ్చెను. ప్రొద్దుటూరి యువకుడును ఆదివారమునాడు వచ్చెను. ముగ్గురు నొకరినొకరు చూచుకొని మొదట కొంతసేపు మాటలాడలేక సిగ్గుపడిరి. మా కోడలు ఓళిగలు వడ్డించినది. భోజనానంతరము ఫోనులు తీయుదురనుకొంటిమి, తీయలేదు. అరుగుమీద పులిమేక గీతలు చూచి ఆదోని బాలుడు గులకరాళ్లు ఏరుకొనివచ్చెను. కువైటునుండి మా కుమారుడు ఫోను తెరలో కనబడుచు, ‘ఆ మూలకు కదుపు’ అని అక్కడనుండియే సలహా చెప్పుచుండెను. సాయంకాలమువఱకు వారు ఆడిరి.

ఆనాటినుండి మా కుమారునితో మేమొక యాట మొదలుపెట్టితిమి. దినమున కొక్క యెత్తు మాత్రమే వేయు చదరంగము కలదు. పూర్వము జాబుల మూలమున ఆడినట్టిది. ప్రొద్దున కాఫీ త్రాగి ఫోను తెఱచుసరికి వాని యెత్తు వచ్చియుండును. కొన్ని దినములలో మంచి యెత్తుండును. కొన్ని దినములలో పిచ్చి యెత్తుండును. పిచ్చి యెత్తు వచ్చిననాడు వానికి పని యెక్కువై అలసియున్నాడని గ్రహించి, ఆ రాత్రి మాటాడుదుము. పండ్రెండేండ్లు ‘బాగున్నావా?’ అని అడిగినను ‘బాగున్నా’ననుట తప్ప వేఱు వినని మాకు వాని క్షేమము ఇప్పుడు తెలియుచున్నది.

ఈ వ్యాసము వ్రాయుచుండగా మా కోడలు తన జట్టుతో ఆడి ఓడి, వసారాలోనికి వచ్చినది. ‘మరల ఓడితివా?’ అంటిమి. “ఓడినా మామా. అయినా నా పేరుతోనే ఓడినా. రేపు నంద్యాల అక్కతో ఉంది” అని చెప్పి, గూటిలో ఫోను పెట్టి పోయినది. గడియారము చూచితిమి. పదిగంటలైనది. మా ఫోనును గూడ పెట్టవలసియున్నది గనుక ఇంతటితో ముగించుచున్నాము.